బలవంతుడి మాటకు పూచీ ఎవరు?

2015 జులై 14న వియన్నాలో ఇరాన్‌కూ ఆరు పెద్ద దేశాలకూ మధ్య కుదిరిన అణు ఒప్పందం మీద ఇన్నేళ్లుగా సాగిన వాదమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఇరాన్‌ను నమ్మవచ్చా? ఒప్పందాన్ని మెచ్చుకున్నవాళ్లు నమ్మాల్సిన పనేమీ లేదు, తనిఖీలున్నాయి కదా అన్నారు. తెగిడినవాళ్లు ఆ తనిఖీలు చాలవన్నారు. ఇద్దరూ చూసింది ఒక వైపే. ఒప్పందం అన్నాక అందులో రెండు మాటలుంటాయి, బలహీనుడిది ఒకటి, బలవంతుడిది ఒకటి. వియన్నాలో బలహీనుడి మాటను కిలోల లెక్కన తూచారు, దానికి సీళ్లు వేశారు, కెమెరాలు బిగించారు. బలవంతుడి మాటను మాత్రం ఉత్త మాటగానే వదిలేశారు. ఒప్పందం కూలింది అక్కడే. దౌత్యవేత్తల నేర్పులో లోపమని దీన్ని సరిపెట్టుకోవచ్చు గానీ, దీని వెనక చాలా పాత ధర్మసందేహం ఒకటి ఉంది. తనను ఎవరూ దండించలేనంత బలం ఉన్నవాడి చేత ఆడిన మాట నిలబెట్టించేది ఏమిటి? మతాలు ఏనాడో దీనికొక జవాబు చెప్పాయి. ఆ జవాబు తనకు అక్కర్లేదనుకున్న ఆధునిక రాజ్యం దాని చోట మరొకటి పెట్టలేకపోయింది.

ముందు షరతుల సంగతి చూడాలి, ఎందుకంటే ఈ ఒప్పందాన్ని తిట్టినవాళ్లలో చాలామంది వాటిని చదివినట్టు కనిపించరు. సహజ యురేనియంలో పనికొచ్చే ఐసోటోపు 0.7 శాతమే. కరెంటు తీయడానికి దాన్ని 3 నుంచి 5 శాతం వరకు శుద్ధి చేస్తే సరిపోతుంది, బాంబుకైతే 90 శాతం దాకా తీసుకుపోవాలి. ఇక్కడ మామూలు లెక్క పనిచేయదు. శ్రమంతా మొదటి మెట్ల మీదే ఉంటుంది, 20 శాతానికి చేరినవాడు బాంబు దారిలో చాలా భాగం నడిచేసినట్టే. అందుకే ఒప్పందం మొదటి మెట్టు మీదే కాపలా పెట్టింది. పదిహేనేళ్ల పాటు 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు మించకూడదు. అప్పటికి ఇరాన్ దగ్గర ఉన్న సుమారు 19,000 సెంట్రిఫ్యూజ్‌లలో (శుద్ధి యంత్రాల్లో) 6,104 మాత్రమే నిలవాలి. వాటిలో యురేనియం శుద్ధికి వాడదగినవి 5,060, అవీ పాతకాలపు ఐఆర్-1 రకానివే. కొండను తొలిచి కట్టిన ఫోర్దోలో యురేనియం జోలికే పోకూడదు. అరాక్ భారజల రియాక్టర్ గర్భాన్ని పెకలించి కాంక్రీటు పోశారు. 2015 డిసెంబరులో దాదాపు 11 టన్నుల శుద్ధి యురేనియం ఓడలో రష్యాకు వెళ్లిపోయింది. సెంట్రిఫ్యూజ్ విడిభాగాల తయారీ మీద ఇరవై ఏళ్లు, గనుల నుంచి వచ్చే ముడి యురేనియం మీద పాతికేళ్లు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిఘా ఉండాలి. ఒక బాంబుకు చాలినంత పదార్థం కూడబెట్టడానికి ఇరాన్‌కు అప్పట్లో రెండు మూడు నెలలు పడుతుందని అంచనా. ఆ వ్యవధిని ఏడాదికి పెంచడం ఈ లెక్కలన్నిటి ఉద్దేశం.

ఇంత కాఠిన్యం ఇరాన్ విషయంలో అన్యాయమేమీ కాదు. నతాంజ్ కేంద్రం సంగతి 2002లో బయటివాళ్లు చెబితేనే లోకానికి తెలిసింది, ఫోర్దో సంగతి 2009లో తెలిసింది. 2003 చివరి వరకు బాంబుకు సంబంధించిన పరిశోధనలు ఒక పద్ధతి ప్రకారం సాగాయనీ, కొన్ని పనులు 2009 వరకు నడిచాయనీ అణుశక్తి సంస్థ 2015 డిసెంబరు నివేదికలో తేల్చింది. అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒడంబడికను 1970లోనే ధ్రువీకరించిన దేశం ఇది. దాని మాటను తూచి మరీ పుచ్చుకోవాలనడంలో తప్పు పట్టడానికేమీ లేదు.

తన మాటకు ఇరాన్ ఒక మతపరమైన పూచీ కూడా చూపేది. అణ్వాయుధం నిషిద్ధమని అప్పటి సర్వోన్నత నేత అలీ ఖమేనీ ఫత్వా ఇచ్చారని దాని ప్రతినిధులు ప్రతి వేదిక మీదా చెప్పారు. సామూహిక విధ్వంసక ఆయుధాల వాడకం హరాం అని 2010 ఏప్రిల్‌లో టెహ్రాన్‌లో జరిగిన సదస్సుకు ఆయన పంపిన సందేశంలో ఉంది. పాశ్చాత్య వ్యాఖ్యాతలు కొందరు దీన్ని నాటకమని కొట్టిపారేశారు, మరికొందరు ఇదొక్కటే చాలన్నంత సంబరపడ్డారు. రెండూ తొందరపాటే. విశ్వాసికి ఫత్వా నిజంగానే బరువైనది. 1980లలో ఇరాక్‌తో జరిగిన యుద్ధంలో సద్దాం హుసేన్ రసాయన ఆయుధాలకు వేలమందిని పోగొట్టుకున్న దేశంలో ఆ మాటకు నెత్తుటి నేపథ్యం కూడా ఉంది. అయితే అదే దేశంలో 1988 జనవరిలో, ఖమేనీకి ముందు సర్వోన్నత నేతగా ఉన్న రూహుల్లా ఖొమైనీ మరో మాట చెప్పారు. ఇస్లామీయ రాజ్యాన్ని కాపాడుకోవడం నమాజు, ఉపవాసం, హజ్ వంటి విధులకన్నా కూడా ముందుదని ఆయన తీర్పు. రాజ్యం కోసం హజ్‌నే వాయిదా వేయగలిగినప్పుడు ఒక ఫత్వాను వాయిదా వేయడం ఎంతసేపు? కాబట్టి ఫత్వాను గౌరవించవచ్చు గానీ దాన్ని నమ్ముకుని సెంట్రిఫ్యూజ్‌లు లెక్కపెట్టడం మానకూడదు. వియన్నాలో చేసింది అదే, అది సబబే. అంతరాత్మ మీద ఆధారపడిన మాటకు బయటి పూచీ కావాలన్న సూత్రం సరైనదైతే, అది ఒక వైపుకే వర్తించి రెండో వైపుకు వర్తించకపోవడం ఎలా?

ఇక తక్కెడ రెండో పళ్లెం. తన కార్యక్రమాన్ని కుదించుకున్నందుకు ఇరాన్‌కు దక్కాల్సింది ఆంక్షల ఎత్తివేత. ఆ హామీ ఎంత గట్టిది? అమెరికా ఈ పత్రాన్ని సంధిగా సెనేట్ ముందుకు తీసుకురాలేదు, తెస్తే మూడింట రెండొంతుల ఓట్లు రావని అప్పటి అధ్యక్షుడు ఒబామాకు తెలుసు. పత్రం మీద ఎవరి సంతకమూ లేదు. అది రాజకీయ సంకల్పమే తప్ప సంధి కాదని అమెరికా విదేశాంగ శాఖే రాతపూర్వకంగా చెప్పింది. అసలు ఒప్పందం కుదరక ముందే, 2015 మార్చిలో, 47 మంది సెనేటర్లు ఇరాన్ నాయకులకు బహిరంగ లేఖ రాశారు: తర్వాత వచ్చే అధ్యక్షుడు ఒక్క కలంపోటుతో దీన్ని రద్దు చేయగలడని. ఈ లేఖను అప్పట్లో చాలామంది అమర్యాద అన్నారు. అమర్యాదే కావచ్చు, కానీ మొత్తం వ్యవహారంలో అంతకంటే నిజాయతీ గల పత్రం మరొకటి దొరకదు. మా మాటకు పూచీ లేదు సుమా అని చెప్పిన బలవంతుడు అబద్ధమాడలేదు. 2018 మే 8న అచ్చంగా ఆ లేఖలో ఉన్నట్టే జరిగింది. ఒబామా తర్వాత అధ్యక్షుడైన ట్రంప్ ఒప్పందం నుంచి బయటికి నడిచారు. అప్పటిదాకా అణుశక్తి సంస్థ నివేదికలన్నీ ఇరాన్ షరతులు పాటిస్తోందనే చెబుతున్నాయి. కొన్నిసార్లు భారజలం నిల్వ కొద్దిగా మించడం లాంటివి తప్పితే పెద్ద ఉల్లంఘన లేదు. ఒప్పందంలో ఫిర్యాదు చేసే పద్ధతి ఒకటి రాసి ఉంది. దాన్ని వాడుకుని, తప్పు చూపించి వెళ్లినా ఒక తీరుగా ఉండేది. అదీ జరగలేదు.

అమెరికా బయటికి రావడానికి ముందు కూడా ఆంక్షల ఎత్తివేత హామీ సగమే నెరవేరింది. సుడాన్, ఇరాన్, క్యూబాలతో లావాదేవీలు జరిపినందుకు ఫ్రెంచి బ్యాంకు బీఎన్‌పీ పరిబా మీద 2014లో అమెరికా దాదాపు 890 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆ దెబ్బ చూసిన యూరప్ బ్యాంకులు ఆంక్షలు పోయాయన్నా ఇరాన్ ఛాయకు పోలేదు. ఇరాన్ ఎయిర్ సుమారు 100 ఎయిర్‌బస్ విమానాలకు ఒప్పందం రాసుకుంది, చేతికొచ్చినవి మూడు. 2017లో దక్షిణ పార్స్ గ్యాస్ క్షేత్రానికి సంతకం పెట్టిన టోటల్ కంపెనీ మరుసటి ఏడు సర్దుకుని వెళ్లిపోయింది. ఒప్పందం నిలబెడతామన్న బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీలు డాలర్‌తో పని లేని వ్యాపారం కోసం ఇన్‌స్టెక్స్ అనే ఏర్పాటు చేశాయి. 2020లో వైద్య సామగ్రికి సంబంధించిన ఒకే ఒక్క లావాదేవీ దాని గుండా నడిచింది, 2023లో దాన్ని మూసేశారు. మన సంగతీ వేరుగా లేదు. అమెరికా ఇచ్చిన మినహాయింపుల గడువు ముగిసిన 2019 మేలో ఇండియా కూడా ఇరాన్ నుంచి చమురు కొనడం ఆపేసింది. బలవంతుడు మాట తప్పితే పరువు పోతుంది, ఆ భయమే అతన్ని కట్టేస్తుంది అనేవాళ్లు ఈ జాబితా చూడాలి. పరువు పోయిందో లేదో గానీ, ప్రపంచమంతా తప్పిన మాట ప్రకారమే నడుచుకుంది.

ఈ చిక్కును మన పూర్వులు ఎరగనిది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఏడవ అధికరణంలో సంధి దేని మీద నిలుస్తుందన్న చర్చ ఉంది. సత్యం మీద, శపథం మీద చేసుకున్న సంధి కదిలిపోతుంది, జామీను మీదా బందీల మీదా నిలిపిన సంధే స్థిరం అని పూర్వాచార్యుల మాట. ఇది మనం ఎదురుచూసే కౌటిల్యుడి మాటలా ఉంటుంది. కానీ కౌటిల్యుడు కాదంటాడు. సత్యంతో, శపథంతో చేసిన సంధి ఇహంలోనూ పరంలోనూ నిలుస్తుంది, జామీను, బందీల సంధి ఇహానికే పరిమితం, అది బలాన్ని బట్టి ఉంటుందని ఆయన తీర్పు. పూర్వపు రాజులు నిప్పు, నీరు, నాగేటిచాలు, కోటమట్టి, ఏనుగు మూపు తాకి ఒట్టు పెట్టుకునేవారని కూడా చెబుతాడు. కుటిలనీతికి పేరుపడ్డ మనిషి ఇక్కడ ధర్మపన్నాలు వల్లిస్తున్నాడని అనుకోకూడదు. ఆ వెంటనే బందీగా ఇచ్చిన రాకుమారుణ్ణి ఎలా తప్పించాలో వివరంగా చెప్పేదీ ఆయనే. ఆయన చూసింది ఏమిటంటే, బందీని ఇచ్చేది ఎప్పుడూ బలహీనుడే. బలవంతుడి కొడుకును ఎవరూ తాకట్టు అడగలేరు. అంటే జామీను పద్ధతి ఒక పక్షాన్నే కడుతుంది, బలం మారిన రోజు ఆ కట్టూ తెగుతుంది. ఇద్దరినీ సమానంగా కట్టగలిగేది ఒట్టు ఒక్కటే, ఎందుకంటే పరలోకంలో ఎవడి సైన్యమూ వెంట రాదు.

యూదుల గ్రంథంలో యెహోషువ కాలపు కథ ఒకటి ఇంతకన్నా సూటిగా ఉంటుంది. గిబియోనీయులు చిరిగిన బట్టలు కట్టుకుని, బూజు పట్టిన రొట్టెలు మోసుకుని, ఎక్కడో దూరదేశం నుంచి వచ్చామని అబద్ధమాడి ఇశ్రాయేలీయుల చేత ప్రాణభయం లేకుండా ఒట్టు వేయించుకున్నారు. మూడు రోజులకు మోసం బయటపడింది. ప్రజలు సణిగినా పెద్దలు ఒట్టు తప్పలేదు. మోసగాళ్లను కట్టెలు కొట్టే, నీళ్లు మోసే పనికి పెట్టారు గానీ చంపలేదు. తరాల తర్వాత సౌలు రాజు ఆ ఒట్టును కాలరాసి గిబియోనీయుల మీద పడ్డాడు. దాని ఫలితంగా దావీదు కాలంలో మూడేళ్లు కరువు వచ్చిందని కథ. ఇందులో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. ఎదుటివాడి యోగ్యతను బట్టి ఒట్టు బరువు పెరగదు, తరగదు. ఒక నాయకుడు వేసిన ఒట్టు తర్వాతి నాయకుణ్ణి కూడా కడుతుంది, తప్పినవాడి పాపం ఆ తర్వాతివాడి నెత్తికీ చుట్టుకుంటుంది. ఇరాన్ మాయావి అనీ, పాత అధ్యక్షుడి ఒప్పందం మాకెందుకనీ చెప్పిన రెండు సాకులకూ ఆ గ్రంథంలోనే జవాబుంది.

ఇక ఇరాన్ వైపు జ్ఞాపకం మరీ చేదైనది. మన పల్లెల్లో హిందువులూ ముస్లిములూ కలిసి పీర్లు ఎత్తే పండుగలో వినిపించే హసన్, హుసేన్ పేర్లలో పెద్దవాడైన హసన్ 661లో ప్రత్యర్థి మువావియాతో సంధి చేసుకుని ఖలీఫా పీఠం వదులుకున్నాడు. మువావియా వారసుణ్ణి నియమించకూడదన్నది ఆ సంధి షరతుల్లో ఒకటని షియాలు చెప్పుకుంటారు. మువావియా తన కొడుకు యజీద్‌ను వారసుణ్ణి చేశాడు, ఆ దారి 680లో హుసేన్ హతుడైన కర్బలాకు చేరింది. ఈ సంధి గురించి అరబ్బీలో వచ్చిన ఒక గ్రంథాన్ని యువకుడిగా ఉన్నప్పుడు పర్షియన్‌లోకి తెచ్చినవాడు ఖమేనీయే. 2013 సెప్టెంబరులో అమెరికాతో సంప్రదింపులకు పచ్చజెండా ఊపుతూ ఆయన వాడిన ‘వీరోచితమైన మెతకదనం’ అన్న మాట ఆ అనువాదం నాటిదే. సంధి చేసుకోవడానికి మతం నుంచి అనుమతి తెచ్చుకున్న చోటే, సంధి చేసుకున్నవాడు ఎలా మోసపోతాడో చెప్పే పాఠమూ ఉంది. 2018 తర్వాత టెహ్రాన్‌లో ఏ పాఠం గట్టిగా చదివి ఉంటారో ఊహించుకోవడం కష్టం కాదు.

ఈ వాదానికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ప్రజాస్వామ్యానికి సంబంధించినది. ఓటర్లు పాత విధానాన్ని తిరస్కరించి కొత్తవాణ్ణి ఎన్నుకున్నారు, చేస్తానని చెప్పిందే అతను చేశాడు, రాజుల ఒట్లూ శాపాలూ తెచ్చి ఎన్నికైన ప్రభుత్వం చేతులు కట్టేస్తే ఓటుకు విలువేమిటి? ఇది తేలిగ్గా తీసేయదగ్గ మాట కాదు. ఒక తరం మీద మరో తరం పెత్తనం చేయకూడదన్నది ప్రజాస్వామ్యపు ప్రాణసూత్రాల్లో ఒకటి. కానీ విధానం మార్చుకోవడం వేరు, పరాయివాడి నుంచి ప్రతిఫలం పుచ్చుకున్నాక మాట మార్చడం వేరు. ఇరాన్ 11 టన్నుల యురేనియం ఓడకెక్కించింది, రియాక్టర్‌లో కాంక్రీటు పోసింది. పుచ్చుకున్నవాడు ఎన్నికల పేరు చెప్పి ఇవ్వాల్సింది ఎగ్గొడితే, ఆ ఎన్నికల్లో ఓటు లేని ఎదుటివాడికి అది న్యాయమెలా అవుతుంది? పైగా ప్రజాస్వామ్యాలకు మాట మార్చుకునే మర్యాదైన దారులు ఉన్నాయి. వ్యాప్తి నిరోధక ఒడంబడికనే తీసుకోండి, వైదొలగదలిచిన దేశం కారణాలు చెప్పి మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అలా ఒక నిబంధన పెట్టి, ఆ గడువులో ఎవరి సరుకు వారికి తిరిగి చేరేలా రాసుకుంటే ఓటుకూ మాటకూ పేచీ ఉండదు. వియన్నా పత్రంలో బలవంతుడి నిష్క్రమణకు ధర కట్టలేదు. విడ్డూరం ఏమిటంటే, బయటికి వెళ్లిన అమెరికాయే 2020 ఆగస్టులో అదే ఒప్పందం కింద ఆంక్షలు తిరిగి విధించే హక్కు తనకుందని భద్రతామండలికి వచ్చింది. పదిహేను మంది సభ్యుల్లో 13 మంది కుదరదన్నారు.

మరో అభ్యంతరం గడువుల మీద. పది, పదిహేనేళ్ల తర్వాత సంకెళ్లు వాటంతట అవే ఊడిపోయే ఒప్పందం వాయిదా మాత్రమేనని ఇజ్రాయెల్ నాయకులు అన్నారు. నిజమే, వాయిదాయే. అయితే ఉత్తర కొరియాతో 1994లో చేసుకున్న జెనీవా ఒప్పందం కూడా వాయిదాయే. అది యోంగ్‌బ్యోన్‌లో ప్లుటోనియం పనిని ఎనిమిదేళ్లు ఆపింది. అందులో అమెరికా ఇస్తానన్న చమురు ఆలస్యమైంది, రియాక్టర్లు పూర్తి కాలేదు. ఉత్తర కొరియా దొంగచాటుగా యురేనియం దారి పట్టింది. 2002లో ఒప్పందం చిట్లింది, 2006 అక్టోబరులో బాంబు పేలింది. ఎనిమిదేళ్ల వాయిదాను ఎగతాళి చేసినవాళ్లకు దాని తర్వాత నాలుగేళ్లు చాలు సమాధానానికి. శాశ్వతత్వం కావాలన్న కోరిక ఆధ్యాత్మికంలో గొప్పదే, ఆయుధ నియంత్రణలో అది ఉన్న కొద్దిపాటి మేలును కూడా కాదనుకునే నెపమవుతుంది.

ఇంకొందరిది మన దేశంలో బాగా వినిపించే అభ్యంతరం. 1970లో అమల్లోకి వచ్చిన వ్యాప్తి నిరోధక ఒడంబడిక లోకాన్ని అయిదుగురు ఉన్నవాళ్లుగా, మిగతా లేనివాళ్లుగా చీల్చింది. నిరాయుధీకరణ వైపు నడుస్తామని ఆరో అధికరణంలో ఇచ్చిన హామీని ఉన్నవాళ్లు నిలబెట్టుకోలేదు. అలాంటప్పుడు వాళ్లు ఇరాన్‌ను నిలదీయడం ఏ ధర్మం? ఆ ఒడంబడిక మీద ఇండియా నేటికీ సంతకం పెట్టకపోవడానికి కారణం ఈ వివక్షే. వాదంలో పస ఉంది, కానీ దాని నుంచి తేలేది ఇరాన్‌కు బాంబు హక్కు కాదు. అడిగినవాడు కపటి అయినంత మాత్రాన అడిగింది చెడ్డదైపోదు. పాలకుల పరువు కోసం పౌరుల్ని బూడిద చేయగల ఆయుధం ఏ దేశం చేతిలోనైనా ధర్మమని నిరూపించడం అసాధ్యమని నా నమ్మకం. మన దేశం చేతిలో ఉన్నదాన్ని కూడా కలుపుకునే ఈ మాట అంటున్నాను. ఆరో అధికరణం కథ మాత్రం మన ప్రశ్ననే మళ్లీ వేస్తుంది: అక్కడా లేనివాళ్ల మాటకు తనిఖీలున్నాయి, ఉన్నవాళ్ల మాటకు ఏమీ లేదు.

ఇన్ని చెప్పాక వాస్తవవాది నవ్వుతాడు. బలవంతుణ్ణి కట్టడి చేయడం ఎవరి తరం, పరలోక భయం పోయింది, అంతర్జాతీయ పోలీసు లేడు, ఇక నీతులెందుకు అంటాడు. దీనికి జవాబు పుస్తకాల్లో కాదు, మన తారాపూర్ అణు విద్యుత్ కేంద్రం చరిత్రలో ఉంది. దానికి ఇంధనం సరఫరా చేస్తామని 1963లో అమెరికా ఒప్పుకుంది. 1974లో పోఖ్రాన్ పరీక్ష జరిగింది. దానికి వాడిన ప్లుటోనియం తారాపూర్‌ది కాదు, శాంతి ప్రయోజనాల పేరుతో కెనడా ఇచ్చిన సైరస్ రియాక్టర్‌ది. అక్కడ మన మాట కూడా శుభ్రంగా లేదని ఒప్పుకోవాలి. 1978లో అమెరికా కొత్త చట్టం చేసి తారాపూర్ ఇంధనానికి అడ్డుపడింది. హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో కడ్డీలుగా తయారై వెళ్లాల్సిన శుద్ధి యురేనియం కోసం చివరికి ఫ్రాన్స్ వైపు చూడాల్సి వచ్చింది. ఆ చేదు ఊరికే పోలేదు. 2006లో పౌర, సైనిక అణుకేంద్రాలను విడదీసే ప్రణాళిక రాసినప్పుడు ఇండియా తన పౌర రియాక్టర్లను, హైదరాబాదు కాంప్లెక్స్‌లోని కొన్ని విభాగాలను తనిఖీల కిందికి తేవడానికి ఒప్పుకుంటూ రెండు అడిగింది. రియాక్టర్ల జీవితకాలానికి సరిపడా ఇంధనం ముందే నిల్వ చేసుకునే వీలు ఒకటి, సరఫరా ఆగితే దిద్దుబాటు చర్యలు తీసుకునే హక్కు రెండోది. అంటే బలవంతుడి మాటకు బదులు బలవంతుడి సరుకును ముందుగానే గోదాములో పెట్టుకుంటామంది. బలవంతుణ్ణి శిక్షించనక్కర్లేదు, అతను మాట తప్పితే పోయేది ముందే మన చేతిలో ఉంటే చాలు.

ఇరాన్‌కు అలాంటి గోదాము లేదు. వియన్నా పత్రం ప్రకారం ఇరాన్ తప్పు చేసిందని ఒప్పందంలోని ఏ దేశం ఫిర్యాదు చేసినా ముప్పై రోజుల్లో భద్రతామండలి ఆంక్షలు వాటంతట అవే తిరిగొస్తాయి, వీటో కూడా ఆపలేదు. రష్యా, చైనాల వీటోకు విరుగుడుగా పన్నిన ఆ ఎత్తు చాలా తెలివైనది. మరి అవతలివాడు తప్పితే ఇరాన్‌కు ఉన్న విరుగుడేమిటి? తన బాధ్యతలను పూర్తిగానో కొంతమేరకో ఆపేసుకోవచ్చు. అంతే. సామాన్య భాషలో, మళ్లీ యురేనియం శుద్ధి చేసుకోవచ్చు. ఈ షరతులో దాగిన ప్రమాదాన్ని రాసినవాళ్లు గమనించారో లేదో. బలవంతుడి మాటకు పూచీగా ఇరాన్ చేతిలో మిగిలిన ఏకైక వస్తువు బాంబు ముడిసరుకు. అణువ్యాప్తిని ఆపడానికి రాసిన పత్రం అణువ్యాప్తినే జామీనుగా పెట్టింది. మాట తప్పినప్పుడు ఆ జామీను సొమ్ము చేసుకోవడమే జరిగింది. 2018 మేలో అమెరికా వెళ్లాక ఏడాది పాటు ఇరాన్ షరతులు పాటిస్తూ కూర్చుంది. 2019 జులైలో 300 కిలోలు దాటింది, 3.67 శాతం దాటింది. 2021 ఏప్రిల్‌లో 60 శాతానికి ఎగబాకింది. 2022 జూన్‌లో కెమెరాలు తీయించింది. ఇందులో ఇరాన్ తప్పు లేదనడం లేదు. 60 శాతానికి నమ్మదగ్గ పౌర అవసరమేదీ ఆ దేశం చూపలేదు, అణ్వాయుధాలు లేని దేశాల్లో అప్పట్లో అంత శుద్ధి చేస్తూ వచ్చింది అదొక్కటే. కానీ ఈ మెట్లన్నీ ఒప్పందం రాసిన రోజే కట్టి ఉన్నాయి.

తర్వాతి కథ తెలిసిందే. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ దాడులు, 22న ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్‌ల మీద అమెరికా బాంబులు, జులైలో అణుశక్తి సంస్థతో సహకారం ఆపేస్తూ ఇరాన్ చట్టం, సెప్టెంబరు చివర యూరప్ దేశాలు కోరినట్టు ఐక్యరాజ్యసమితి ఆంక్షలు తిరిగి రావడం. దాడులు మొదలైన రోజుకు ఇరాన్ దగ్గర 60 శాతం శుద్ధి అయిన యురేనియం 440.9 కిలోలు ఉందని సంస్థ అంచనా. దాడుల తర్వాత ఆ నిల్వ సంగతి సంస్థ స్వయంగా చూసి నిర్ధారించలేకపోయింది. ఒప్పందం నడిచినన్నాళ్లు ప్రతి కిలోకూ లెక్క ఉండేది. బలప్రయోగం లెక్కను చెరిపేసింది, పదార్థాన్ని చెరిపేసిందని చెప్పడానికి ఆధారం చూపలేకపోయింది.

ఈ పాఠాన్ని మిగతా దేశాలు కూడా చదువుకుంటున్నాయి. 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో తన సరిహద్దులకు భరోసా పుచ్చుకుని ఉక్రెయిన్ సోవియట్ కాలపు వార్‌హెడ్లను రష్యాకు అప్పగించింది, 2014లో అదే రష్యా చేతికి క్రిమియా పోయింది. లిబియా 2004లో తన అణు సామగ్రిని విమానాల్లోకి ఎక్కించింది, 2011లో గడాఫీ ప్రభుత్వం నాటో బాంబుల కింద కూలింది. ఈ సంఘటనలు ఒకే రకానివి కావు, ఉక్రెయిన్‌కు ఆ బాంబులు వాడే వీలూ అంతంతమాత్రమే. అయినా మూడు చోట్లా జరిగిన బేరం మాత్రం ఒకటే: ఒకరు వస్తువు ఇచ్చారు, మరొకరు మాట ఇచ్చారు.

ఇరాన్‌తోనో మరో దేశంతోనో ఇలాంటి ఒప్పందం మళ్లీ పత్రికల్లోకి వస్తుంది, సెంట్రిఫ్యూజ్‌లు ఎన్ని, శాతం ఎంత, తనిఖీదారులకు ఎన్నాళ్లలో తలుపు తీయాలి అని పతాక శీర్షికలు వస్తాయి. వియన్నా పత్రంలో అణు షరతులు మొదటి అనుబంధం, ఆంక్షల ఎత్తివేత రెండో అనుబంధం. కొత్త పత్రం చేతికొచ్చినప్పుడు రెండోదే ముందు తెరవండి. చట్టసభ ఆమోదం ఉందా, డబ్బు మూడో దేశపు ఖాతాలో ముందే పడుతుందా, బయటికి వెళ్లే బలవంతుడు ఏం కోల్పోతాడు అని వెతకండి. అక్కడ అంకెలు లేకుండా హామీలు మాత్రమే ఉంటే, మొదటి అనుబంధంలో ఎన్ని కిలోల లెక్క రాసి ఉన్నా దాన్ని నమ్మకండి.